ఆరు కాళ్ళ దీపం

ఆ ఫోటో నా చేతికొచ్చిన రోజే దాన్ని భాగాలుగా విడదీసి నోటుబుక్కులో రాసుకున్నాను. తల ఒకటి, పలకలు పలకలుగా. తల కింద సన్నటి పట్టీ. పట్టీ కింద నిలువుగా పొడుగాటి తోక, దాని మీద అడ్డగీతలు. తోక చివర చిన్న పళ్ళెం. పళ్ళెం అంచుల నుంచి ఆరు కాళ్ళు, ఒక్కో కాలికి మధ్యలో ఒక్కో మోకాలు. చంద్రుడి మీద దింపడానికి తయారు చేసిన యంత్రంలా ఉంది.

"ఇదేం యంత్రం మేడమ్?" అని అడిగాను.

"యంత్రం కాదు, వైరస్. పేరు ఫేజ్," అన్నారావిడ ఇంగ్లీషులో. "భయపడకండి, మనుషుల జోలికి రాదు. బాక్టీరియాని మాత్రమే చంపుతుంది."

ఎనభైల మొదట్లో మాట ఇది. నేను కాకినాడలో ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తి చేసి, కువైట్ వెళ్ళి, హవల్లీలో నియాన్ బోర్డులు చేసే ఒక చిన్న షాపులో కుదిరాను. షాపు మాకు వీసా ఇచ్చిన కువైటీ యజమానిది, అక్కడి మాటలో కఫీల్‌ది. లోపల పనిచేసేది నేనూ మేస్త్రీ ఇద్దరమే. అక్షరాలను అసలు సైజులో, అద్దంలో కనిపించినట్టు తిరగేసి, ఆస్బెస్టాస్ షీటు మీద గీయడం, ట్రాన్స్‌ఫార్మర్లు బిగించడం, వైరింగ్ చెయ్యడం నా పని. గాజు గొట్టాన్ని మంట మీద మెత్తబరిచి ఆ గీతల వెంట వంచేది మేస్త్రి.

మేస్త్రిది కోనసీమ. నలభై దాటిన మనిషి. మద్రాసులో సినిమా హాళ్ళ బోర్డులకి గాజు వంచి వంచి చేయి తిరిగినవాడు. అరబ్బీలో ఒక్క అక్షరం రాదు. అయినా నేను గీసిన అరబ్బీ గీతల మీద ఆయన గొట్టాన్ని పడుకోబెడితే చదువుకున్నవాళ్ళకి వంక దొరికేది కాదు. వంచేటప్పుడు గొట్టం నొక్కుకుపోకుండా ఒక చివరికి రబ్బరు ట్యూబు తగిలించి, దాన్ని పళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా ఊదుతూ ఉండాలి. ఆ ట్యూబు నోట్లో ఉండగానే ఆయన నాతో మాట్లాడేవాడు. ఆ మాటలు అర్థం చేసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఫోటో తెచ్చినావిడ పాలస్తీనా డాక్టరు. ఒక ఆస్పత్రి లాబొరేటరీలో పనిచేసేవారు. హవల్లీలోనే, మా షాపుకి మూడు వీధుల అవతల కాపురం. సోవియట్ దేశంలో చదువుకున్నారు. ఆస్పత్రి సిబ్బంది చేసిన బొమ్మలు, అల్లికలు, పెయింటింగులు కారిడార్‌లో ప్రదర్శనకి పెడుతున్నారట. ఆవిడకి కుట్టడం రాదు, గీయడం రాదు.

"ఇరవై ఏళ్ళ నుంచి వీటిని బూడిదరంగు ఫోటోల్లోనే చూస్తున్నాను. ఒక్కసారి వెలుగులో చూడాలి," అన్నారు.

"ఎంత ఎత్తు?"

"నా అంత."

"రంగు?"

"తల నీలం. తోక తెలుపు. కాళ్ళు మీ ఇష్టం."

రాసుకున్నాను. నీలానికి పూత లేని గాజు, ఆర్గాన్, ఒక చుక్క పాదరసం. తెలుపుకి లోపల తెల్ల పొడి పూసిన గొట్టం. కాళ్ళకి ఆకుపచ్చ పూత గొట్టం సరిపోతుందని మేస్త్రి తేల్చాడు. మా దగ్గర అది మిగిలిపోయి ఉంది.

ఆవిడ వెళ్ళాక మేస్త్రి ఫోటోని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఏవిటిరా ఇంజనీరూ ఇది, సాలీడుకి కిరీటం పెట్టినట్టుంది."

"ఇది వైరస్ అట మేస్త్రీ. బాక్టీరియా మీద వాలి, కాళ్ళతో పట్టుకుని, తోకని సూదిలా గుచ్చి, తలలో ఉన్నదంతా లోపలికి దింపేస్తుందట. కాసేపటికి ఆ బాక్టీరియా పగిలిపోయి ఇలాంటివే బోలెడు బయటికొస్తాయట."

"అయితే మంచిదేనన్నమాట. దీనికి ఆరు కాళ్ళెందుకురా మరి? నాకొకటిచ్చేసి ఐదింటితో నడవమను."

నవ్వాను. ఆయన కుడి కాలు అప్పటికే అట్టపెట్టె మీద ఎత్తి పెట్టి ఉంది.

ఆ కాలి సంగతి చెప్పాలి. అంతకు ఏడెనిమిది నెలల ముందు ఒక కెఫెటేరియా బోర్డు బిగిస్తుండగా ఇనుప ఫ్రేము జారి ఆయన మోకాలి కింద పడింది. క్లినిక్‌లో కుట్లు వేశారు. పది రోజుల్లో మానినట్టే మాని, మళ్ళీ ఒక మూల నుంచి చెమ్మ కారడం మొదలుపెట్టింది. క్లినిక్‌కి మళ్ళీ రమ్మన్నారు. ఆయన వెళ్ళలేదు. జాతీయ దినం దగ్గర పడుతోంది, ప్రతి షాపువాడికీ దీపాలు కావాలి, గాజు వంచేవాడు ఒక్కడే. క్లినిక్ అంటే కనీసం సగం రోజు పోతుంది. కఫీల్ మొహం మాడ్చుకుంటాడు. పైగా మందులు రూములోనే ఉన్నాయి కదా.

మా రూములో ఒక బిస్కట్ డబ్బా ఉండేది. దాని గురించి చుట్టుపక్కల రెండు మూడు వీధుల్లో ఉన్న తెలుగువాళ్ళందరికీ తెలుసు. సెలవుకి ఇంటికెళ్ళిన ప్రతివాడూ ఆవకాయతో పాటు మందుల స్ట్రిప్పులు తెచ్చేవాడు. కువైట్ వదిలి శాశ్వతంగా వెళ్ళిపోయేవాడు వాడగా మిగిలినవి ఇచ్చి పోయేవాడు. అన్నీ ఆ డబ్బాలో చేరేవి. నేను రాకముందు అది చెత్తలా ఉండేదట. నేనొచ్చి దాన్ని ఒక పద్ధతిలో పెట్టాను. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, గడువు తేదీ, ఎన్ని ఉన్నాయి, ఎవరికి ఎన్ని ఇచ్చాను, ఎందుకు ఇచ్చాను. ఆరు గళ్ళ పట్టిక. స్కేలు పెట్టి గీశాను.

ఇంకో నియమం కూడా పెట్టాను. ఎవరికైనా మూడు రోజులకి సరిపడానే. జ్వరం తగ్గితే మిగిలినవి వెనక్కి ఇచ్చెయ్యాలి. ఉన్నవి కాసిని, అడిగేవాళ్ళు చాలామంది. అందరికీ అందాలంటే అంతకన్నా న్యాయమైన పద్ధతి నాకు తోచలేదు. "మావోడు డాక్టరు కన్నా కచ్చితం," అని మేస్త్రి పదిమందిలో చెప్పుకునేవాడు.

ఆ ఏడెనిమిది నెలల్లో మేస్త్రికి డబ్బాలోంచి ఇచ్చినవి నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. ఆంపిసిలిన్, మూడు రోజులు. టెట్రాసైక్లిన్, మూడు రోజులు. క్యాప్సూల్స్ విప్పి పొడిని పుండు మీద కూడా చల్లుకున్నాడు, మా వాళ్ళంతా అలాగే చేసేవాళ్ళు. క్లోరాంఫెనికాల్ రెండు రోజులు, అంతకన్నా లేవు. సల్ఫా మాత్రలు మూడు రోజులు. మళ్ళీ ఆంపిసిలిన్. ఆఖరున జెంటామైసిన్ ఇంజెక్షన్లు. అవి జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరుగా ఉన్న రాయచోటి అతను సెలవు నుంచి తెచ్చి ఇచ్చినవి. మొత్తం తొమ్మిది ఆంపూల్స్. తెలిసిన మలయాళీ కంపౌండరు ఒకతను వచ్చి పొడిచి వెళ్ళేవాడు. ఐదు వేసేసరికి చెమ్మ ఆరింది. మేస్త్రి కాలు కింద పెట్టి నడిచాడు. నేను ఆపించాను. మిగిలిన నాలుగూ ఇంకెవరికైనా అవసరం వస్తాయని డబ్బాలో పెట్టి, పట్టికలో రాసి, సంతకం పెట్టాను.

రెండు వారాలకి మళ్ళీ కారింది. ఈసారి రంగు మారింది.

డాక్టరుగారు రెండోసారి షాపుకి వచ్చింది నా గీత చూడటానికి. ఆస్బెస్టాస్ షీటు మీద నిలువెత్తు బొమ్మ గీసి ఉంచాను. మేస్త్రి తోక వంచుతున్నాడు. బరువంతా ఎడమ కాలి మీద వేసి, బర్నరు బల్లకి నడుం ఆనించి నిలబడ్డాడు. ఆవిడ గీత చూస్తూ చూస్తూ ఆగిపోయారు.

"ఇక్కడ ద్రాక్షపళ్ళు ఏమైనా దాచారా?"

"లేదు మేడమ్."

ఆవిడ ముక్కుతోనే వెతికినట్టు తిరిగి, మేస్త్రి కాలి దగ్గర ఆగారు. "కట్టు విప్పమనండి."

"ఇప్పుడెందుకండీ డాక్టరమ్మా, గొట్టం వేడి మీదుంది," అన్నాడు మేస్త్రి, నోట్లో ట్యూబుతోనే.

నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పేలోపే ఆవిడ "యల్లా!" అన్నారు, త్వరగా కానివ్వమని. ఆయన గొట్టం పక్కన పెట్టి, స్టూలు మీద కూర్చుని కట్టు విప్పాడు. గుడ్డ మీద మరక నీలమూ ఆకుపచ్చా కలిసిన రంగు. అలాంటి రంగు నేను అంతకుముందు గొట్టాల్లోనే చూశాను.

"అతినీలలోహిత దీపం ఉందా మీ దగ్గర?"

ఉంది. పూత గొట్టాలు బయటికి అన్నీ తెల్లగానే ఉంటాయి. ఏ గొట్టం ఏ రంగు ఇస్తుందో వెలిగించకుండా తెలుసుకోవాలంటే దాని కింద పెట్టి చూస్తాం. షట్టరు సగం దించి, ఆ గుడ్డని దీపం కింద పెట్టాను. మరక పచ్చగా వెలిగింది. మా ఆకుపచ్చ గొట్టం వెలిగినట్టే.

"అబ్బో! నా కాల్లోనే నియానుందిరా ఇంజనీరూ! కఫీల్‌కి చెప్పకు, దీన్ని కూడా అమ్మేస్తాడు."

డాక్టరుగారు నవ్వలేదు. గుడ్డ అంచు కత్తిరించి ఒక శుభ్రమైన సీసాలో వేసుకున్నారు. రెండు రోజులాగి నన్ను లాబొరేటరీకి రమ్మన్నారు.

అక్కడ ఒక గాజు పళ్ళెం చూపించారు. అడుగున జిగురు లాంటి పదార్థం, దాని మీద సమంగా పరచుకున్న పచ్చటి పొర. పొర మీద గుండ్రంగా అమర్చిన చిన్న చిన్న కాగితపు బిళ్ళలు, ఒక్కో బిళ్ళ మీద రెండు అక్షరాలు. ఒక్కో బిళ్ళలో ఒక్కో మందు ఉందట. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ పొర పోయి ఖాళీ వలయం కనబడాలి.

"చదివి చెప్పండి, యా ముహందిస్. దేని చుట్టూ ఖాళీ ఉంది?"

నన్ను ముహందిస్ అని, అంటే ఇంజనీరని, పిలిచేవారు. డిప్లొమాయే అని రెండుసార్లు చెప్పి మానేశాను. బిళ్ళలన్నీ ఒకటొకటిగా చూశాను.

"దేని చుట్టూ లేదు మేడమ్."

"ఇప్పటిదాకా ఏమేం వాడాడో గుర్తుందా?"

గుర్తుండటమా! నోటుబుక్కు బయటికి తీసి మేస్త్రి పేజీ తెరిచి ఇచ్చాను. ఆ క్షణంలో నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఇలాంటి రికార్డు ఏ రోగికి ఉంటుంది? ఆవిడ వేలితో గళ్ళ వెంట కిందికి దిగుతూ చదివారు. ఒక్కో మందు దగ్గర ఆగి, పళ్ళెంలో దాని బిళ్ళ వైపు చూశారు. చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికొచ్చారు.

"ఇది రాసింది ఎవరు?"

"నేనే."

"చాలా శుభ్రంగా రాశారు." బుక్కు మూయలేదు. "వీటిలో ఒక్కటి తప్ప మిగతావి దీని మీద అసలు పనిచెయ్యవు. ఎప్పుడూ చెయ్యవు. దీని పేరు సూడోమొనాస్. ఆ ద్రాక్ష వాసన, ఆ పచ్చ రంగు దీనివే. మీరు మిగతా బాక్టీరియాలన్నిటినీ చంపి, దీనికి ఇల్లు ఖాళీ చేసి ఇచ్చారు. ఈ ఒక్కటి పనిచేసి ఉండేది." వేలు జెంటామైసిన్ గడి మీద పెట్టారు. "ఐదు వేసి ఎందుకు ఆపారు?"

"తగ్గింది మేడమ్. నడిచాడు."

"మిగిలిన నాలుగూ?"

"డబ్బాలో ఉన్నాయి. ఇంకెవరికైనా అవసరం రావచ్చని."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. సింకు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నారు. నేను అక్కడే నిలబడి పళ్ళెంలోని బిళ్ళల్ని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. ఎందుకో నాకు తెలియదు.

వెళ్ళబోతుంటే ఆవిడే పిలిచారు. తను చదువుకున్న చోట ఇలాంటి పుళ్ళకి ఫేజ్‌లని ద్రవంలో కలిపి పోసేవారట. ఆంపూల్స్‌లో మందుల దుకాణంలోనే దొరికేవట. ఇక్కడ లేవు. తన పాత ప్రొఫెసరుకి ఉత్తరం రాస్తానన్నారు. ఈలోపు మనమే వెతుక్కోవచ్చన్నారు.

"ఎక్కడ?"

"మురుగులో. మనుషుల మురికి అంతా కలిసే చోట బాక్టీరియాలన్నీ ఉంటాయి. వాటిని తినేవి కూడా అక్కడే ఉంటాయి. సీసాలు ఇస్తాను, పట్టుకురండి." సీసాలు అందిస్తూ, "దీంతో కాలు దక్కుతుందని నేను అనడం లేదు," అన్నారు.

నేను సీసాలకి నంబర్లు వేశాను. ఒకటి, మా బిల్డింగు వెనక మ్యాన్‌హోల్. రెండు, ఆస్పత్రి కాలువ. మూడు, అహ్మదిలో ఒక కాంట్రాక్టరు క్యాంపుకి ట్రాన్స్‌ఫార్మరు మార్చడానికి వెళ్ళినప్పుడు అక్కడి గుంట నుంచి. నాలుగో సీసా రాయచోటి డ్రైవరుకిచ్చి జహ్రా నుంచి తెమ్మన్నాను. అతను శుక్రవారం మధ్యాహ్నం దాన్ని మూడు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, చేయి దూరంగా చాపి పట్టుకుని రూములోకి వచ్చాడు.

"ఏమప్పా ఇంజనీరూ, ఇంత సదువు సదివి సముద్రం దాటి వచ్చింది గలీజు నీళ్ళు పట్టేదానికా?"

"మేస్త్రి కాలి కోసమప్పా."

"తెలుసులే. అందుకే తెచ్చినా. మా మామా, అదే మా కువైటీ ఇంటామె, బండిలో సీటు కింద పెట్టుకోనొచ్చినా. ఆమె యెనక కూసోని సెంటు కొట్టుకుంటాంది, ముందర నా కాళ్ళ కాడ ఇది. మూత ఊడింటే నా ఇఖామా ఖలాస్, మర్నాడే ఊరికి తోలుంటారు!"

మేస్త్రి మంచం మీద నుంచి తల ఎత్తాడు. "ఏం తమ్ముడూ, మీ కువైటీలది బాగా పనిచేస్తుందంటావా? మంచి తిండి తింటారు కదా."

"కబ్సా తినేటోళ్ళది అన్నా. నీ చేపల పులుసు బాక్టీరియాకి ఇది మొగుడు."

ఆ వారం మేము దీపం పూర్తి చేశాం. నియాన్ పనిలో కష్టం ఏమిటంటే గొట్టం తెగకూడదు. ఒక చివర నుంచి ఇంకో చివరకి కరెంటు పోవాలి కాబట్టి, చెయ్యి ఎత్తకుండా గీసిన గీతలా రావాలి. తలని ఒక గొట్టంలో చెయ్యొచ్చు. తోక ఇంకొకటి. కాళ్ళు ఆరు విడివిడిగా చేస్తే పన్నెండు ఎలక్ట్రోడ్లు అవుతాయి, పళ్ళెం దగ్గర అసహ్యంగా ఉంటుంది. మేస్త్రి ఒక పూటంతా ఫోటో చూస్తూ కూర్చుని, ఆరు కాళ్ళనీ ఒకటే గొట్టంలో తెస్తానన్నాడు. ఒక కాలి చివరిదాకా దిగి, అక్కడే మడత పెట్టి, దాని వెనకగా పైకి తిరిగొచ్చి, పళ్ళెం వెనక నుంచి రెండో కాల్లోకి. వెనక గొట్టానికి, దాటేచోట్లకి నల్లరంగు పూస్తే కనబడదు.

ఆరు కాళ్ళకీ కలిపి ఎన్ని వంపులు పడ్డాయో నేను పక్కన నిలబడి రాసుకున్నాను. ముప్ఫై ఆరు. ఒక్కటి విరిగినా మొత్తం పోయేది. ఆయనకి ఆ రోజుల్లో సాయంత్రమయ్యేసరికి జ్వరం వచ్చేది. అందుకని పొద్దున్నే వంచేవాడు. మోకాళ్ళు వంచేటప్పుడు ట్యూబులోంచి ఊదే గాలి వణక్కుండా ఉండాలని ఊపిరి బిగబట్టేవాడు. ఆరో కాలు అయ్యాక గొట్టాన్ని పరుపు మీద పిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి, స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇంత పని సినిమా హాలుక్కూడా చెయ్యలేదురా," అన్నాడు.

తర్వాతది నా వంతు. గొట్టంలో గాలి తీసేస్తూ, హై వోల్టేజి పెట్టి గాజుని లోపలి నుంచి కాల్చాలి. గొట్టం మీద కాగితం ముక్క పెడతాం. అది గోధుమరంగుకి తిరిగితే వేడి సరిపోయినట్టు. లోపల వేలిముద్రంత జిడ్డు ఉన్నా రంగు చెడిపోతుంది. ఆ మురికి మొత్తం ఆవిరై పంపు గుండా బయటికి పోయేదాకా ఆగి, అప్పుడు గ్యాసు నింపాలి. తొందరపడి మధ్యలో ఆపేస్తే మొదటి రోజు బాగానే వెలుగుతుంది, తర్వాత చచ్చిపోతుంది. ఇది నాకు బాగా తెలుసు. గాజు విషయంలో ఎప్పుడూ మధ్యలో ఆపలేదు.

దీపం వెలిగించిన మర్నాడే డాక్టరుగారు షాపుకి ఫోన్ చేశారు. "నాలుగో సీసా. రండి."

పరుగెత్తాను. కొత్త పళ్ళెంలో అదే పచ్చటి పొర. కానీ ఈసారి పొరంతా చిన్న చిన్న గుండ్రటి చిల్లులు. దుమ్ము పట్టిన కారద్దం మీద నాలుగు చినుకులు పడి ఆగినట్టు. ఒక్కో చిల్లులో అడుగున గాజు కనబడుతోంది. ఏ మందుకీ లొంగనిది అక్కడ లేదు. ఫేజ్‌లు తినేశాయి దాన్ని.

"ఇవేనా?" అన్నాను.

"ఇవే. మీ దీపం," అన్నారావిడ. ఆవిడ నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నేను ఆస్పత్రి నుంచి రూముకి నడిచే వచ్చాను. మేస్త్రికి చెప్పాను. డ్రైవరుకి ఫోన్‌లో చెప్పాను. "సూసినావా, జహ్రా అంటే ఏమనుకున్యావు!" అని అరిచాడతను. మేస్త్రి మాత్రం ఒక్కటే అడిగాడు: "అయితే కాలు ఉంటుందా?" ఉంటుందని చెప్పాను. నాకు ఎవరూ అలా చెప్పలేదు. పళ్ళెం చూసి నేనే చెప్పాను.

మూడో రోజు మళ్ళీ వెళ్ళాను. ఆవిడ పళ్ళేన్ని నా ముందుకి జరిపారు. చిల్లులు అలాగే ఉన్నాయి. కానీ ఒక్కో చిల్లు మధ్యలో సూదిమొనంత పచ్చటి చుక్క. కొన్నింటిలో రెండు.

"తినగలిగిన వాటిని తినేసింది," అన్నారు. "తినలేనివి మిగిలాయి. ఇప్పుడు అవే పెరుగుతాయి."

"ఇంకో సీసా తెస్తాను. ఇంకో చోట నుంచి."

"తెండి."

ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. నాలుగు సీసాలు తెచ్చాను. ఆ చుక్కల మీద ఒక్కటీ పనిచెయ్యలేదు. ప్రొఫెసరు నుంచి జవాబు రాలేదు. ఎనిమిదోది కూడా అయ్యాక ఆవిడ నన్ను కూర్చోబెట్టి ఇంకో మాట చెప్పారు. దొరికినా సరే, మురుగులోంచి తీసినదాన్ని మనిషి కాల్లో పొయ్యడానికి ఈ దేశంలో తనకి ఎవరూ సంతకం పెట్టరు. అది తనకి మొదటి రోజు నుంచీ తెలుసన్నారు. "మరి ఎందుకు వెతికారు?" అని నేను అడగలేదు. అప్పటికి ఎక్స్‌రేలో ఎముక చెదలు పట్టిన కర్రలా కనబడుతోంది. మేస్త్రిని వార్డులో చేర్చారు.

కాలు తీసెయ్యాలని సర్జను నిర్ణయించాడు, మోకాలి పైదాకా. రోగికి అర్థమయ్యేలా చెప్పి సంతకం తీసుకోవాలి. ఆయన ఇంగ్లీషులో చెప్తే నేను తెలుగులో చెప్పాలి. పొద్దున పది గంటలకి, వార్డు కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతుండగా, చెప్పాను. మేస్త్రి అంతా విన్నాడు.

"ఆ చిల్లులు పడ్డాయన్నావు కదరా?"

"మళ్ళీ పూడుకుపోయాయి మేస్త్రీ."

"అసలు ఇంతదాకా ఎందుకొచ్చింది? చిన్న దెబ్బ కదా."

సర్జను కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ ప్రశ్నని ఆయనకి ఇంగ్లీషులో చెప్పి జవాబు తెచ్చి ఇవ్వొచ్చు. నేను ఆ పని చెయ్యలేదు. డబ్బా సంగతి, ఐదు ఇంజెక్షన్ల సంగతి, నాలుగు దాచిన సంగతి, డాక్టరుగారు అన్న మాట, వరసగా చెప్పాను.

ఆయన దుప్పటి అంచుని వేళ్ళతో సరిచేసుకున్నాడు.

"ఆ నాలుగూ కూడా వేసుంటే తగ్గేదా?"

"తెలీదు మేస్త్రీ. ఇంకా చాలా కావాల్సొచ్చేవేమో. తెప్పించి ఉండొచ్చు."

"ఎవరి కోసం దాచావు?"

"ఎవరికైనా అవసరం వస్తే అని."

"వచ్చిందా ఎవరికైనా?"

"లేదు."

సర్జను పెన్ను అందించాడు. మేస్త్రి తెలుగులో సంతకం పెట్టాడు, ఎప్పటిలాగే పొందిగ్గా. పెన్ను తిరిగిచ్చేసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు నాతో ఇంకేమీ మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు, అవసరమైన మాటలు. "ఏరా ఇంజనీరూ" అని మాత్రం మళ్ళీ పిలవలేదు. "అబ్బాయ్" అనేవాడు.

ఆపరేషనైన తర్వాతి వారం ప్రదర్శన మొదలైంది. మా దీపాన్ని కారిడార్ మలుపులో, అల్లిక బొమ్మల పక్కన నిలబెట్టారు. పగటి వెలుగులో కూడా బాగా కనబడింది. నీలం తల, తెల్లటి తోక, ఆకుపచ్చ కాళ్ళు నేల మీద వాలబోతున్నట్టు. వచ్చినవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. ఒకావిడ డాక్టరుగారిని అరబ్బీలో అడిగింది: "ఇది జబ్బు తెచ్చేదా, తగ్గించేదా?"

"ఏదీ కాదు. దీపం," అన్నారు డాక్టరుగారు.

మేస్త్రిని చక్రాల కుర్చీలో ఎక్స్‌రేకి తీసుకెళ్తూ నేను అటుగానే తోశాను. వేరే దారి ఉంది. అయినా అటే తోశాను. ఏదైనా అంటాడేమోనని. ఆయన కుర్చీ ఆపమన్నాడు. కాళ్ళని ఒక చివర నుంచి ఇంకో చివరకి చూశాడు. "నాలుగో దాని వెనక నలుపు పల్చగా పడింది. వెలుగు కారుతోంది," అన్నాడు. మర్నాడు బ్రష్షు తీసుకెళ్ళి అక్కడ ఇంకో పూత వేశాను.

కఫీల్ చెడ్డవాడు కాదు. గాజు వంచేవాడు నిలబడాలి కదా అన్నాడు. వీసా రద్దు చేసి టికెట్టు తీశాడు. డాక్టరుగారు ఇండియాలో చూపించుకోడానికి ఉత్తరం ఇచ్చారు. కోసిన చోట కుట్లు ఎర్రగా ఉన్నాయని, జ్వరం పూర్తిగా వదల్లేదని, ఇంకో రెండు వారాలు ఆగమని కూడా చెప్పారు. మేస్త్రి వినలేదు. ఇక్కడ పడుకుని చేసేదేముందన్నాడు.

రాయచోటి డ్రైవరు పొద్దున ఎనిమిదింటికి వాళ్ళ మామాని బతిమాలి బండి తెచ్చాడు. ముందు సీటు వెనక్కి వాల్చి మేస్త్రిని కూర్చోబెట్టాం. దారిలో అతనే ఏదో ఒకటి మాట్లాడుతూ వచ్చాడు: ఈసారి సెలవుకి వచ్చినప్పుడు కోనసీమ వస్తా, కొబ్బరికాయలు కొట్టిపెట్టు అన్నా, అని. మేస్త్రి "రా తమ్ముడూ," అన్నాడు. అన్ని అద్దాలూ దించి ఉన్నాయి. చలికాలం. అయినా డ్రైవరు ఒక్క అద్దం కూడా ఎత్తలేదు.

ఎయిర్‌పోర్టులో కుర్చీ తొయ్యడానికి వాళ్ళ మనిషి వచ్చాడు. ఇక అక్కడి నుంచి మేము రాకూడదు. పాస్‌పోర్టు, టికెట్టు, డాక్టరుగారి ఉత్తరం ఒక కవర్లో పెట్టి మేస్త్రి ఒళ్ళో ఉంచాను. వంగినప్పుడు తెలిసింది. పలచగా, తియ్యగా, పులిసిన ద్రాక్ష. ప్యాంటు మడిచి పిన్ను పెట్టిన చోట తడి మరక, రూపాయి బిళ్ళంత.

మేస్త్రి నా మొహంలోకి చూశాడు.

"వాసనొస్తోందా అబ్బాయ్?"

కుర్చీ వెనక నిలబడ్డ మనిషి అప్పటికే మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"రావట్లేదు మేస్త్రీ," అన్నాను.

ఆయన తలూపాడు. కుర్చీ కదిలింది.